నిర్మాణ రంగంలో ఉత్పాదకత: కొలబద్ద ఎవరి చేతిలో ఉన్నది?

(కార్మిక విద్యా తరగతిలో రైల్వే, తపాలా ఉద్యోగుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



'ఉత్పాదకత' అను మాట మనకు కొత్తది కాదు. 1979-80లో ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్ మొదట రైల్వేలలో ప్రవేశించినది. తపాలా ఉద్యోగులకు కూడ అది లభించినది. ఇంత పనికి ఇన్ని నిమిషములని లెక్కగట్టు బేవూర్ కాలపరీక్ష పేరు తపాలా సోదరులు విననిది కాదు. ఈ లెక్కలతో మనము పలుమార్లు విభేదించినాము. అయినను విభేదించుటకు మన యెదుట ఒక లెక్క ఉన్నది, వాదించుటకు మన యూనియన్ ఉన్నది. మన స్టేషన్లను, క్వార్టర్లను, తపాలా భవనములను కట్టిన కార్మికుని సంగతి ఏమి? అతని శ్రమను ఎవరు, ఎట్లు కొలుచుచున్నారు? ఈ ప్రశ్ననే నేడు మీ ముందుంచదలచినాను.

ఇంజనీరింగ్ శాఖలోని మిత్రులు రెండు పుస్తకములను ఎరుగుదురు. మస్టర్ రోలులో హాజరైన కూలీల పేర్లుండును. మెజర్‌మెంట్ బుక్కులో పూర్తియైన పని ఘనమీటర్లలోను, చదరపు మీటర్లలోను ఉండును. మొదటిదానిలో పని కనబడదు. రెండవదానిలో మనిషి కనబడడు. ఈ రెండింటిని ఒకచోట చేర్చి, 'ఒక ఘనమీటరు గోడకు ఎన్ని శ్రమ గంటలు పట్టినవి?' అని అడిగినప్పుడే ఉత్పాదకత తేలును. వర్ధమాన దేశములలో చాలచోట్ల గుత్తేదారు పనిని ముఠా మేస్త్రికి ఉపగుత్తకిచ్చును. అక్కడ హాజరుపట్టీ తరచు కాగితమునకే పరిమితము. సిమెంటు రాక ముఠా కూర్చున్న గంటలకు గుత్తేదారు చెల్లించనక్కర లేదు. ఆ నష్టము ముఠా కడుపుమీద పడును. తనకు నష్టము లేని వృథాను ఎవడు కొలుచును?

ఒక చిన్న ఉదాహరణ చెప్పెదను. ఇద్దరు తాపీ పనివారు, నలుగురు సహాయక కూలీలు ఉన్న ముఠా ననుకొందము. ఎనిమిది గంటల దినములో ఆరుగురి శ్రమ 48 గంటలు. ఆ దినమున 2.4 ఘనమీటర్ల ఇటుక కట్టుబడి లేచినది. అనగా ఘనమీటరుకు 20 గంటలు. మరునాడు సిమెంటు రెండు గంటలు ఆలస్యముగా వచ్చినది, 1.8 ఘనమీటర్ల గోడయే లేచినది. ఘనమీటరుకు 26.7 గంటలు. ఉత్పాదకత నాలుగవ వంతు పడిపోయినదని, కార్మికులు బద్ధకించినారని నివేదిక వ్రాయుదురు. కాని ఆరుగురూ రెండేసి గంటలు నిరీక్షించిన 12 గంటలను విడిగా వ్రాసినచో మిగిలినవి 36 గంటలు. 36ను 1.8తో భాగించిన మరల 20 గంటలే! కార్మికుని చేయి నెమ్మదించలేదు; సామగ్రి రాలేదు. నిరీక్షణకు వేరొక గడి లేని పట్టిక యజమాని తప్పును కార్మికుని ఖాతాలో వ్రాయును.

ఇదే పట్టికలో మరియొక లోపము గలదు. తాపీ పనివారి 16 గంటలనే లెక్కించినచో ఘనమీటరుకు 6.7 గంటలే కనబడును. ఇటుకలు మోసి, మాలు కలిపి, నీరు తెచ్చిన నలుగురు మాయమగుదురు. మన దేశములో ఆ నలుగురిలో స్త్రీలు ఎందరుందురో మీరెరుగుదురు.

కొలతకు శాస్త్రీయ పద్ధతులు లేకపోలేదు. బ్రిటిష్ గణాంక శాస్త్రజ్ఞుడు టిప్పెట్ 1930 దశకములో నూలు మిల్లుల కొరకు ఒక పద్ధతిని రూపొందించినాడు. ముందుగా తెలియని వేళలలో చూచి, ఆ క్షణమున పని జరుగుచున్నదా, ఆగినదా, ఆగిన ఎందుకు అని వ్రాయుటయే ఆ పద్ధతి. దాదాపు 384 పరిశీలనలున్నచో, నూటికి 95 పాళ్ల విశ్వాసముతో ఫలితము 5 శాతము అటునిటుగా నిలుచును. గడియారము పట్టుకొని ఒక్క మనిషి వెంట తిరుగనక్కర లేదు. నేరము మోపుట కంటె కారణము వెదకుట దీనితో సులభము.

అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఇటుక కట్టుబడిని పరిశీలించి, ఒక ఇటుకకు పట్టు కదలికలను 18 నుండి 5కు తగ్గించినాడు. గంటకు 120 ఇటుకలు పేర్చినవాడు 350 పేర్చినాడని టేలర్ 1911లో వ్రాసినాడు. అది ఎట్లు సాధ్యమైనది? పనివాడు వంగనక్కర లేకుండ పరంజాను, ఇటుకల బల్లను గోడతోపాటు ఎత్తుచు వచ్చినారు. సహాయకులు ఇటుకలను ముందే ఏరి పేర్చినారు. మాలు పాకము సరిచేసినారు. కొరడా ఝళిపించుట వలన ఆ పెరుగుదల రాలేదు. కార్యవ్యవస్థ మారిన పిమ్మట వచ్చినది.

మన దేశములో జాతీయ ఉత్పాదకతా మండలి 1958లో ఏర్పడినది. 1974లో భారత ప్రమాణముల సంస్థ ఉత్తర మండలపు భవన నిర్మాణ పనులకు శ్రమ పరిమాణములను సిఫారసు చేసినది. 'ఉత్తర మండలము' అను ఆ రెండు మాటలను గమనించుడు. ఎండ, మన్ను, ఇటుక, పనిముట్లు మారిన చోట ఒకే అంకెను అందరి నెత్తిన రుద్దరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది రూపాయి లెక్క. గంటకు బదులు కూలిఖర్చుతో ఉత్పత్తిని భాగించినచో, కూలి ఎంత తక్కువైన 'ఉత్పాదకత' అంత ఎక్కువగా కనబడును. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణములలో దినమునకు 9 రూపాయల 25 పైసలు జమాదారుల చేతికి చేరగా, వారు ఒక రూపాయి కమీషను పట్టుకొని మిగిలినదే కూలీలకిచ్చినారు. స్త్రీలకు 7 రూపాయలే ముట్టుచున్నవని పిటిషనర్లు ఆరోపించినారు. కనీస వేతనము కంటె తక్కువకు పని చేయించుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన నిర్బంధ శ్రమయని, చట్టముల అమలు బాధ్యతను ప్రభుత్వము గుత్తేదారుపై నెట్టి తప్పుకొనరాదని సుప్రీం కోర్టు 1982 సెప్టెంబరులో తీర్పు చెప్పినది. బయానా పుచ్చుకొని గుంపు మేస్త్రీల వెంట దేశములోని ఆనకట్టలకు తరలిన మన పాలమూరు కూలీల గాథ తెలిసినవారికి ఈ జమాదారు కొత్తవాడు కాడు.

కావున కొలతను మనము వ్యతిరేకించరాదు. దాని నియమములను మనము కోరవలెను. శ్రమ గంటలతోనే కొలవవలెను. సహాయకులను, స్త్రీలను లెక్కలో చేర్చవలెను. నిరీక్షణను, తిరిగి చేసిన పనిని కారణముతో విడిగా వ్రాయవలెను. విశ్రాంతిని, ఎండను, భద్రతను పరిగణించవలెను. కార్మికుల ప్రతినిధికి పట్టిక చూపవలెను. పెరిగిన ఫలములో కార్మికునికి భాగము ఉండవలెను.

మిత్రులారా, రేపు మీ కార్యాలయపు ఆవరణలో కొత్త గోడ లేచునప్పుడు ఒక్క క్షణము ఆగుడు. ఆ ఆరుగురి పేర్లు ఏ పుస్తకములో ఉన్నవో అడుగుడు. యూనియన్ గల మనము అడుగనిచో, యూనియన్ లేని వారి పక్షమున అడుగువారెవరు?

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!