మీ గూడెం గురించి చెప్పమ్మా
(మారేడుమిల్లిలో తల్లిదండ్రుల సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగపాఠం)



అమెరికా ప్రభుత్వం 2002లో కెనడీ-లూగర్ యెస్ అనే పథకం పెట్టింది. తర్వాత మన దేశమూ అందులో చేరింది. ఎంపికైన హైస్కూలు పిల్లలు చదువుల ఏడాదంతా అక్కడొక కుటుంబంలో ఉంటారు, అక్కడి బళ్ళో చదువుతారు. తన పండగ, తన తిండి గురించి ఆ పిల్ల చెప్పాలి, అక్కడివాళ్ళు వినాలి. మార్పిడంటే అదీ.

మరి మన కొండపిల్ల? ఊహ తెలిసీ తెలియకముందే గూడెం వదిలి హాస్టలుకొస్తుంది. దానికదే పరదేశం. చింతూరు వైపు కోయపిల్లకి వాచకంలోని తెలుగే పరభాష. ఇక్కడి కొండరెడ్డి పిల్లది తెలుగే, అయినా యాస వినగానే నవ్వుతారు. ఇంట్లో మామిడి టెంకల అంబలి తాగామని చెప్పిందా, ఇక అయిపోయిందే! "మీ గూడెం గురించి చెప్పమ్మా" అని అడిగేదెవరు? ఆ మాట అడగటానికి వీసా అక్కర్లేదు కదా.

భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. ఏజెన్సీ బళ్ళలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000లో జీవో 3 వచ్చింది. నూటికి నూరు చెల్లదని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. సరే, నూరు కాకపోతే ఎంత? పిల్లల మాట తెలిసిన టీచరు బడికి ఒక్కరన్నా ఉండొద్దా?

విదేశానికి అవకాశమొస్తే పంపండి, భయపడొద్దు. బాబాసాహెబ్ 1913లో బరోడా స్కాలర్‌షిప్పు మీదే కొలంబియా వెళ్ళారు. ఈలోగా రంపచోడవరం ఐటీడీఏకి అర్జీ పట్టుకుపోదాం. మొదటి సంతకాలు తల్లులవి. వేలిముద్రయినా సరే.