లెక్క అడిగినవాడు శత్రువు కాదు

 

పిల్లలకు పట్టాలిచ్చే ఇలాంటి సభల్లో పెద్దలు భవిష్యత్తు గురించి మాట్లాడుతుంటారు. నేను కరోనా గురించి మాట్లాడతాను. అప్పటికి మీరు బడి పిల్లలు, టీ-శాట్‌లో పాఠాలు విన్నవాళ్లు. ఊరి పొలిమేరలో ముళ్లకంప అడ్డం వేసి బయటివాళ్లు రావద్దని బోర్డు పెట్టడం మీకు గుర్తుండే ఉంటుంది. పంచాయతీ ట్రాక్టరు వాడవాడా తిరిగి హైపోక్లోరైట్ కొట్టడమూ గుర్తుండే ఉంటుంది. వీధుల్లో అలా కొడితే లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. ఆ తర్వాతా కొడుతూనే ఉన్నాం. వద్దని సర్పంచ్‌కు ఎవరు చెప్పాలి?

అంతకుముందు మార్చిలో తెలుగు రాష్ట్రాల ముఖ్యమంత్రులిద్దరూ పారాసెటమాల్ పేరు చెప్పి జనానికి ధైర్యం చెప్పారు. ఎండలకు వైరస్ బతకదన్న మాట కూడా బాగా తిరిగింది. మరుసటి ఏడు సరిగ్గా ఏప్రిల్, మే ఎండల్లోనే రెండో వేవ్ ముంచెత్తింది. ఎవరినీ వెక్కిరించడానికి ఈ మాట ఎత్తలేదు. కొత్త జబ్బు వచ్చినప్పుడు మొదటి జవాబు తప్పయ్యే అవకాశమే ఎక్కువ. కాబట్టి ప్రశ్నలు ఎక్కువ కావాల్సింది అప్పుడే. మన దగ్గర మాత్రం ‘ఇది ప్రశ్నలు అడిగే సమయమా?’ అంటారు.

కారణం ఉంది. అంటువ్యాధి రాగానే రాజకీయం ముందు వెతికేది తప్పెవరిదని. తెలంగాణ తొలి ఆరోగ్య మంత్రి డాక్టర్ రాజయ్య అప్పటి మన స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యేనే, స్వయంగా పిల్లల డాక్టరు. 2015 జనవరిలో, స్వైన్ ఫ్లూ రోజుల్లో, ఆయన పదవి పోయింది. ఆ రాజకీయం జోలికి నేను వెళ్లను. కానీ తల పోతుందన్న భయం పైనుంచి కిందిదాకా ఉన్న చోట నిజం చెప్పేవాడు దొరకడు.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ సంగతి చూడండి. ఎన్95 మాస్కులు చాలినన్ని లేవని 2020 ఏప్రిల్‌లో కెమెరాల ముందు అన్నారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖపట్నంలో నడిరోడ్డు మీద చేతులు వెనక్కి కట్టి పోలీసులు ఆయన్ను పట్టుకెళ్లిన వీడియో రాష్ట్రమంతా చూసింది. హైకోర్టు ఆ వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించింది. మరుసటి ఏడాది మేలో ఆయన చనిపోయారు. మాస్కులు ఉన్నాయా, లేవా? స్టోర్ రిజిస్టర్ తెరిస్తే పది నిమిషాల్లో తేలిపోయే ప్రశ్న అది.

హైదరాబాద్‌లో ఇంకోలా జరిగింది. కరోనా సోకినవాళ్లు, జబ్బు లక్షణాలు లేకపోయినా, మలంలో వైరస్ ముక్కలను 35 రోజుల దాకా విసర్జిస్తారు. సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు నగరంలోని శుద్ధి కేంద్రాల నుంచి మురుగునీరు సీసాల్లో పట్టి ఆర్‌టీపీసీఆర్ చేశారు. నగర జనాభాలో 6.6 శాతం మందికి, అంటే సుమారు 6.6 లక్షల మందికి వైరస్ సోకి ఉంటుందని 2020 ఆగస్టులో అంచనా కట్టారు. అప్పటికి రాష్ట్రం మొత్తానికి బులెటిన్ లెక్క ఇంకా లక్షకు చేరలేదు. తోటి శాస్త్రవేత్తల పరిశీలన పూర్తికాకముందే అందరికీ చూపించారు, తప్పుంటే పట్టుకోమని. నాకు నచ్చింది ఆ పద్ధతి.

ఇక టీకా. జీనోమ్ వ్యాలీలో పుట్టిన కోవాగ్జిన్ మనకు గర్వకారణమే. 2020 జూలై 2న భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధిపతి, ఆగస్టు 15 కల్లా అది ప్రజల ముందుకు రావాలని లేఖ రాశారు. అంత గడువులో పరీక్షలు పూర్తికావని భారత విజ్ఞాన శాస్త్ర అకాడమీ బాహాటంగానే చెప్పింది. ఆ గడువు దాటిపోయింది. మూడో దశ ఫలితాలు రాకముందే 2021 జనవరి 3న అనుమతి వచ్చింది. డేటా ఏదని అడిగినవాళ్ల మీద దేశద్రోహి ముద్ర పడింది. నవంబరులో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి, సామర్థ్యం 77.8 శాతం. టీకా నిలబడింది. అడిగినప్పుడే లెక్క చూపించగలిగే స్థితి ఉంటే, మన తండాల్లో సూది చూసి పొలాలకు పరిగెత్తినవాళ్లకు చెప్పడానికి ఏఎన్‌ఎం చేతిలో ఒక మాట ఉండేది.

2024లో కథ మళ్లీ మొదలైంది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 926 మందిని గమనించి, కోవాగ్జిన్ టీకా తర్వాత వచ్చిన సమస్యలపై ఒక వ్యాసం ప్రచురించారు. టీకా వేసుకోనివాళ్లతో పోలిక లేదని, ఫోన్‌లో అడిగి రాసుకున్నారని ఐసీఎంఆర్ తప్పుపట్టింది. నా లెక్కలో ఆ విమర్శ సరైనదే, వ్యాసం బలహీనమైనదే. అయితే ఐసీఎంఆర్ దాన్ని ఉపసంహరించాలంది. ఆ టీకా తయారుచేసిన భారత్ బయోటెక్ హైదరాబాద్ సివిల్ కోర్టులో రచయితల మీద, పత్రిక సంపాదకుడి మీద పరువునష్టం దావా వేసింది. సెప్టెంబరులో పత్రిక వ్యాసాన్ని ఉపసంహరించింది. బలహీనమైన పరిశోధనకు మందు బలమైన పరిశోధన. కోర్టు నోటీసు అందుకున్న అధ్యాపకుడిని చూసిన పీహెచ్‌డీ విద్యార్థి రేపు ఏ అంశం ఎంచుకుంటాడో మీరే ఊహించండి.

స్వేచ్ఛ ఉందని ఏదైనా అనొచ్చా? అనొచ్చు, ఆధారం అడిగితే చూపించాలి. ప్లాస్మా చికిత్సనే తీసుకోండి. దాతల కోసం వాట్సాప్‌లో ఎన్ని మెసేజ్‌లు తిరిగాయో! లాభం లేదని 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ఐసీఎంఆరే పరీక్షించి 2020 అక్టోబరులో ప్రచురించింది. తన నమ్మకాన్ని తానే పరీక్షకు పెట్టుకోవడం గొప్ప సంగతి. మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేయడానికి మాత్రం 2021 మే దాకా పట్టింది, అదీ శాస్త్రవేత్తలు గట్టిగా అడిగాకే. ఆ ఏడు నెలలూ జనం దాతల కోసం తిరిగారు.

పిల్లలూ, మీలో కొందరు ల్యాబ్ టెక్నీషియన్లు అవుతారు, కొందరు టీచర్లు, కొందరు పంచాయతీ కార్యదర్శులు. మళ్లీ ఏదో జబ్బు వస్తుంది. ఈసారి సంఖ్య కొంచెం తగ్గించి రాయమని పైనుంచి ఫోన్ రావచ్చు. వచ్చిన లెక్క వచ్చినట్టే రిజిస్టర్‌లో రాయండి, కింద సంతకం పెట్టండి, తేదీ వేయండి.