త్రీ నాట్ త్రీ తుపాకీ పుట్టుపూర్వోత్తరాలు

(సంఘం వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత పోలీసు ఆర్మరర్ చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించి మాట్లాడగల సమర్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం నాకు తెలిసిన ఇనుము గురించి మాట్లాడమన్నారు. సంతోషం.

పోలీసు, జైళ్ల శాఖలవారికే కాదు, ఎన్నికల డ్యూటీకి వెళ్లిన ప్రతి గుమాస్తాకూ త్రీ నాట్ త్రీ పరిచయమే. అదెక్కడిదయ్యా అంటే "తెల్లవాడి తుపాకీ" అనేస్తాం. డిజైను వాళ్లదే, కాదనను. జేమ్స్ పారిస్ లీ అనే ఆయన బోల్టు, లండను దగ్గరి ఎన్‌ఫీల్డు ఊరి ఫ్యాక్టరీ, రెండూ కలిసి లీ ఎన్‌ఫీల్డు అయింది. కాని మన దేశంలో వాడినవాటిలో ఎన్నో కోల్‌కతాకు ఉత్తరాన ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో మన కార్మికుల చేతుల మీదుగా వచ్చినవి. ఆ సంగతి తుపాకీ మీదే రాసి ఉంటుంది. చదవడం తెలియాలి, అంతే.

ఎక్కడ చూడాలి? వెనక కర్ర ఇనుములోకి దిగే చోట, బోల్టు పిడికి కిందుగా, ఒక పట్టీ ఉంటుంది. దాన్ని బట్ సాకెట్ అంటాం. కుడివైపు పైన కిరీటం, కింద రాజుగారి పొడి అక్షరాలు, ఆ కింద ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మోడలు వరసగా కొట్టి ఉంటాయి. ఇంగ్లండులో చేసినదానికి జి.ఆర్. అని ఉంటే, ఈశాపూర్ దానికి జి.ఆర్.ఐ. అని ఉంటుంది. ఐ అంటే ఇంపరేటర్, చక్రవర్తి అన్నమాట. మన మీద ఆయన చక్రవర్తి కదా! లిత్‌గో అని ఉంటే ఆస్ట్రేలియా సరుకు. స్వాతంత్ర్యం వచ్చాక, గణతంత్ర కాలంలో కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి, ఆర్.ఎఫ్.ఐ. అనే అక్షరాలు వచ్చాయి. తుపాకీ అదే, ముద్ర మారింది. నాకు మటుకు ఆ ముద్ర చూసినప్పుడల్లా ఛాతీ కొంచెం పొంగేది.

కర్రను చూసి ఊరు చెప్పేవాణ్ణి నమ్మకండి. కర్ర విరుగుతుంది, మారుస్తారు. బారెల్ కూడా అరిగితే మారుస్తారు. బోల్టు మీది నంబరూ, బాడీ మీది నంబరూ ఒకటైతేనే అవి రెండూ మొదటినుంచీ జోడీ అనుకోవచ్చు. ముద్రలు కూడా అబద్ధమాడతాయి సుమండీ. పెషావరు దగ్గర దర్రా ఆదంఖేల్‌లో కమ్మరులు చేతితో నకళ్లు చేసేవారు. వాటిమీద ఎన్‌ఫీల్డు పేరులోని ఎన్ అక్షరం తిరగబడి ఉండటం కద్దు. కొన్నిటిపై విక్టోరియా రాణి అక్షరాలు, కింద 1910ల నాటి సంవత్సరం! రాణిగారు పోయింది 1901లో. మన మార్క్ త్రీ మోడలు వచ్చిందే 1907లో.

రెండో ప్రపంచ యుద్ధంలో నంబర్ ఫోర్ అనే మోడలు వచ్చింది. వాటిలో కొన్నిటిమీద యు.ఎస్. ప్రాపర్టీ అని ఉంటుంది. అమెరికా సైన్యం వాడినవని పొరబడతారు. అక్కడి సావేజ్ కంపెనీ బ్రిటను కోసం చేసిచ్చిన సరుకది. కెనడాలో లాంగ్‌బ్రాంచ్‌లో చేసినవీ ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమెరికాలో ఉన్న మన పిల్లల్లో కొందరు పాత సరుకు దుకాణాల్లో ఈశాపూర్ రైఫిల్ చూసి ముచ్చటపడి కొంటున్నారు. కొనేముందు ఒకటి చూసుకోమనండి. 1962 చైనా యుద్ధం తరవాత ఈశాపూర్‌లో 2ఎ, ఆ తరవాత 2ఎ1 అనే రైఫిళ్లు చేశారు. చూపుకు అచ్చం త్రీ నాట్ త్రీయే. తూటా మాత్రం 7.62. పాతవాటికి బెజ్జం మార్చారనే మాట తప్పు. ఎక్కువ ఒత్తిడికి తట్టుకునే మేలైన ఉక్కుతో కొత్తగా చేసినవవి. మేగజైను పలకగా, పెట్టెలా ఉంటుంది. వెనక సైటు 2ఎలో 2000 వరకు, 2ఎ1లో 800 వరకు. త్రీ నాట్ త్రీ తూటాకు అడుగున అంచు బయటికి పొడుచుకు వస్తుంది, 7.62కు రాదు. పాత త్రీ నాట్ త్రీలో 7.62 పెడితే అది గదిలో సరిగా నిలవదు. పేలిస్తే గుల్ల చీలి వేడి వాయువు కాల్చినవాడి కంట్లోకే రావచ్చు. కాబట్టి దుకాణంవాడి మాట పట్టుకోవద్దు, బట్ సాకెట్ మీది రాత, బారెల్ మీది రాత రెండూ చదవమనండి. డి.పి. అని కొట్టి ఉంటే అది డ్రిల్లుకే, పేల్చడానికి కాదు. ఎన్.సి.సి. పిల్లలు కవాతులో పట్టుకున్నవాటిలో అలాంటివి ఉండేవి.

మన దగ్గర సంగతి వేరు. 2020 రిపబ్లిక్ డే కవాతుతో ఉత్తరప్రదేశ్ పోలీసులు వీటికి వీడ్కోలు చెప్పారు. కాని పాత ఇళ్ల అటకల మీద తాతల నాటి తుపాకులు ఇంకా బయటపడుతుంటాయి. త్రీ నాట్ త్రీ నిషేధిత బోరు, 1959 ఆయుధాల చట్టం ఉంది. అలాంటిది కనిపిస్తే తుడవకండి, బోల్టు లాగకండి, మనవళ్లకు చూపించకండి. ఉన్నచోటనే ఉంచి, పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా తెలిపి, రసీదు తీసుకోండి. రసీదు మరవకండి, మన ఉద్యోగాల్లో అందరికీ తెలిసిన పాఠమే!

సెలవు. భోజనాల దగ్గర ఎవరికైనా సందేహాలుంటే అడగండి, చెబుతాను. నమస్కారం.