నట్టు వదులు కారాదు, విప్పరానిదియు కారాదు

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభలలో రోడ్లు, బావులు, పాఠశాలలు మున్నగు పెద్ద విషయములను గూర్చి చర్చించుట మనకు పరిపాటి. నేడు మేము మీ యెదుట పెట్టబోవునది గుప్పిటిలో నిముడు వస్తువు. అది నట్టు, బోల్టు. ఇంత చిన్న వస్తువునకు ప్రసంగమేల యని మీకు తోచవచ్చును. కారణము మనవి చేసెదము.

2019వ సంవత్సరమున ఆరంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద తెలంగాణలోని గ్రామ పంచాయతులకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూడినవి. చేతిపంపులు అంతకు చాల పూర్వమే వచ్చినవి. వీని భాగములను కలిపి పట్టియుంచునది నట్టు, బోల్టులే. మేడ్చల్ మీదుగా నాగపూరు పోవు రహదారిని, శామీర్‌పేట మీదుగా కరీంనగరు పోవు రహదారిని చూచినవారికి, పెద్ద లారీల నడుమ ట్రాక్టరు ట్రాలీలు సాగుట తెలిసినదే. ఆ ప్రాంతపు గ్రామములు పెక్కు ఇటీవల పట్టణ పాలన క్రిందికి పోయినను, దారి అదియే, బరువు అదియే. అట్టి దారిలో ట్రాలీ చక్రపు నట్లు ఊడినచో కలుగు నష్టము పంచాయతీ పద్దులతో తీరునది కాదు.

ధనిక దేశములు సైతము ఈ విషయమున ఏమరియున్నవి. 2002 మే 10న లండను నగరమునకు ఉత్తరమున పాటర్స్ బార్ అను చోట రైలు పట్టాలు తప్పి ఏడుగురు మరణించిరి. రైలును ఒక దారినుండి వేరొక దారికి మలుపు పాయింట్ల వద్ద నట్లు వదులై ఊడియుండుట విచారణలో బయటపడినది.

నట్టు ఏల వదులగును? బోల్టును బిగించినపుడు అది గట్టి స్ప్రింగువలె రవంత సాగును. ఆ సాగుట వలన కలిగిన లాగుడే రెండు ముక్కలను అదిమి పట్టును. నడుమ మట్టి, తుప్పు, మందపు రంగు పొర ఉన్నచో అవి నలిగిపోయి అదుము తగ్గును. అప్పుడు ముక్కలు అదురునకు పక్కకు జరుగసాగును. జరిగిన కొలది మరల నడుమ రాపిడి సడలి, నట్టు వెనుకకు తిరుగును. ఈ అడ్డపు కదలికయే ముఖ్య కారణమని జర్మను ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో ప్రకటించిన పరిశోధనలో చూపెను. కనుక మొదటి మందు శుభ్రమైన మరలు, సరియైన బిగింపు. తక్కినవన్నియు దాని తరువాతివే.

మేము పర్యటించిన ఒక గ్రామమున చేతిపంపు పిడి ఇరుసు నట్టు మాటిమాటికి ఊడుచుండెను. విసిగినవారు దానికి వెల్డింగు పెట్టించిరి. నట్టు మరల ఊడలేదు. కాని వేసవిలో బేరింగు అరిగినపుడు ఇరుసు బయటికి రాలేదు. మెకానికు పానాతో వచ్చెనే గాని కోత యంత్రముతో రాలేదు. నాలుగు దినములు ఆడువారు బిందెలతో పొలము బావికి నడచిరి. తీరా విచారింపగా, ఇండియా మార్కు-2 పంపు ఇరుసునకు రెండు నట్లు ఉండవలసియుండగా, రెండవది ఎన్నడో పోయినది. దానిని తిరిగి పెట్టవలెనని ఎవరికిని తోచలేదు.

ఆ రెండవ నట్టునే చెక్‌నట్టు అందురు. రెండును ఒకదానినొకటి నొక్కుకొని కదలకుండును. ఒకటి పలుచనిది, ఒకటి మందమైనదియైనచో పలుచనిది లోపల, మందమైనది వెలుపల ఉండవలెను. లోపలిదానిని ఒక పానాతో కదలకుండ పట్టి, వెలుపలిదానిని వేరొక పానాతో బిగింపవలెను. నైలాను వలయము గల నైలాక్ నట్టు మరియొక ఉపాయము. వలయము అరిగి, నట్టు చేతితోనే తేలికగా తిరిగినచో దానిని మార్చవలెను; మిక్కిలి వేడి తగులు చోట వాడరాదు. ఇరుసులకు, కొక్కెపు పిన్నులకు స్ప్లిట్ పిన్ను మేలు. దానిని ఒకసారి వంచి తీసిన పిమ్మట క్రొత్తదే పెట్టవలెను. స్ప్రింగు వాషరు నొక్కదానినే నమ్ముకొని, అదురు మిక్కుటమైన చోట నిశ్చింతగా నుండరాదు.

మరలకు పూయు ద్రవము కూడ గలదు. అమెరికాలోని ట్రినిటీ కళాశాలకు చెందిన రసాయన శాస్త్రాచార్యుడు వెర్నన్ క్రీబుల్ 1953లో దీనిని కనుగొనెను. ఇదియే లోక్‌టైట్ అను పేర ప్రసిద్ధమైనది. గాలి తగులునంతవరకు ఇది ద్రవముగనే యుండును; మరల నడుమ గాలి లేక, లోహము తగిలినపుడు గట్టిపడును. సాధారణముగా నీలిరంగుది పానాతో విప్పదగినది. ఎఱ్ఱనిది బాగుగా వేడిచేసినగాని వదలనిది. రంగును మాత్రమే నమ్మక సీసాపై చీటీని చదివి, విప్పదగినదానినే కొనుడు. మరలపై నూనె, జిడ్డు తుడిచి రెండు మూడు చుక్కలు వేసిన చాలును. పూర్తిగా గట్టిపడుటకు ఒక దినము విడువుడు. చక్రపు నట్లకు గాని, త్రాగునీటిలో మునుగు భాగములకు గాని దీనిని పూయకుడు.

చక్రపు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. చక్రము మార్చిన పిమ్మట కొంత దూరము నడిపి మరల ఒకసారి బిగింపవలెను. ఈ రెండవ బిగింపును మరచుట పెక్కుచోట్ల చూచుచున్నాము.

సభ్యులు తామే చేయదగిన పని ఒకటి గలదు. బిగించిన పిమ్మట నట్టు మీదుగా ప్రక్కనున్న ఇనుము మీదికి రంగుతో ఒక గీత గీయించుడు. నట్టు కదలినచో గీత విరిగి కనబడును. దానికి చదువు అక్కరలేదు. పంపు కడకు వచ్చిన బాలుడైనను చెప్పగలడు. నెలకొకసారి పంపు నట్లను, వారమునకొకసారి ట్రాలీ నట్లను ఎవరు చూచిరో, ఏ దినమున చూచిరో పుస్తకమున వ్రాయించుడు. సరియైన కొలతల నట్లు, చెక్‌నట్లు, పిన్నులు ఒక డబ్బాలో కార్యాలయమున నుంచుడు.

వెల్డింగు పెట్టించుమని సలహా వచ్చినపుడు, రేపు దీనిని విప్పవలసినవాడు ఎట్లు విప్పునని అడుగుడు. మీ వచ్చు సమావేశములో ఈ విషయమునకు పది నిమిషములు కేటాయింపుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.