పగలు మీ డాబా ఇస్తుంది, రాత్రి పొరుగు రాష్ట్రం ఇస్తుంది
(పీఎం సూర్యఘర్ లబ్ధిదారుల అవగాహన సదస్సు, కొండకర్ల – ప్రసంగ పాఠం)



"డాబా మీద సోలార్ పలకలు పెట్టుకున్నాక ఇంక కరెంటు తీగతో పనేంటి?" అని చాలామంది అడుగుతున్నారు. పని ఉందండి. పొద్దు గూకితే పలక పనిచేయదు. రాత్రి ఫ్యాను తిరగాలంటే ఆ తీగలోంచే కరెంటు రావాలి.

ఆ తీగ వెనక రాష్ట్రాల మధ్య ఒప్పందాలున్నాయి. ఒడిశా సరిహద్దులోని మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. సామర్థ్యం 120 మెగావాట్లు. పొగ లేని ఆ కరెంటును ఆంధ్ర, ఒడిశా పంచుకుంటున్నాయి. 1999లో మన పక్కనే గాజువాకలో ఒక కేంద్రం పెట్టి, ఒడిశాలోని జయపురం లైనుతో కలిపారు. చెరువుకు తూము ఎలాగో అదీ అలాగే. ఎంత కావాలో అంతే వదులుతారు. 2005లో రెండో భాగం వచ్చి 1,000 మెగావాట్లయింది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలిసింది. తమిళనాడు గాలి కరెంటైనా, రాజస్థాన్ ఎండ కరెంటైనా మిగిలిన చోటు నుంచి కావలసిన చోటికి వెళ్లే వీలు పెరిగింది.

మీ డాబా కూడా ఇప్పుడు ఆ వరసలో చేరింది. పగలు మీరు వాడగా మిగిలింది తీగలోకి వెళ్తుంది. ఇచ్చిందీ, తీసుకున్నదీ నెట్ మీటరు లెక్క కడుతుంది.

ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకోండి. లైను పోతే మీ సోలార్ కూడా ఆగిపోతుంది. అది పాడైపోవడం కాదు. స్తంభం మీదున్న లైన్‌మేన్‌కు మీ ఇంటి కరెంటు తగలకుండా చేసిన ఏర్పాటు. హుద్‌హుద్ తర్వాత తీగలు ఎలా పడి ఉన్నాయో చూశారు కదా! "వైరు మార్చి, లైను పోయినా వచ్చేలా చేస్తాం" అని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. ఒక మనిషి ప్రాణం పోతుంది.

కేంద్ర రాయితీ 1 కిలోవాట్‌కు 30 వేలు, 2 కిలోవాట్లకు 60 వేలు, 3 లేదా ఆపైన 78 వేల రూపాయలు. అర్హులైన ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితం. రాయితీ సొమ్ము నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. అందులో వాటా ఇప్పిస్తామనే దళారులకు పైసా ఇవ్వకండి. అనుమానం ఉంటే సచివాలయంలో అడగండి, లేదా 1912కి ఫోన్ చేయండి.