లాసా దారిలో ఒక యాత్రిక

పట్టభద్రులైన యువతీయువకులారా,

స్నాతకులకు కర్తవ్యబోధ చేయుట ఉపనిషత్కాలమునుండి వచ్చుచున్న యాచారము. ఆ భారమును మీ గురువు లిదివరకే నెరవేర్చియుందురని తలచి, నే నీ దినమున నొక వృద్ధురాలి జీవితమును స్మరించి విరమింతును. ఆమె అలెగ్జాండ్రా డేవిడ్ నీల్ అను ఫ్రెంచి వనిత. 1868లో జన్మించి, 1969లో, నూటొక్క సంవత్సరములు నిండుటకు కొలది వారములుండగా గతించెను.

యౌవనమున నామె సంగీతనాటకములలో గాయని. హనోయి రంగస్థలముమీద గూడ పాడినది. పారిస్‌లోని గిమే ప్రదర్శనశాలలో బుద్ధప్రతిమలను దర్శించుచు, ప్రాచ్యగ్రంథములను పఠించుచు మన దేశముపై మనసు నిలిపిన యామె, ట్యూనిస్‌లో రైల్వే ఇంజనీరైన ఫిలిప్ నీల్‌ను 1904లో వివాహమాడి, గృహిణీధర్మము తనకు సరిపడదని యెఱిగి, ఏడాదిన్నరలో మరలి వత్తునని భర్తకు మాట యిచ్చి 1911లో ఓడ యెక్కెను. తిరిగి ఫ్రాన్సు చేరినది 1925లో! ఈ మాటతప్పుటను నేను సమర్థింపను, మరుగుపఱుపను గూడ.

సిక్కిములో లాచెన్‌కు ఎగువ, శీతకాలమున మనుష్యసంచార ముడుగు మంచుకొండలలో, ఒక గుహను ఆవాసముగా జేసికొని, ఒక సాధువునొద్ద టిబెట్టు భాషను, బౌద్ధధర్మమును అభ్యసించెను. 1916లో అనుమతి లేకయే సరిహద్దు దాటి, టిబెట్టులోని షిగాత్సేలో మతగురువైన పంచెన్ లామాను దర్శించి వచ్చినందుకు ఆంగ్లాధికారు లామెను సిక్కిమునుండి వెడలగొట్టిరి. విదేశీయులకు మూసిన తలుపు టిబెట్టు రాజధాని లాసాదైనచో లాసాకే పోవుదునని, స్త్రీసంకల్ప మేపాటిదో చూపుదునని యామె పంతము పట్టినది. జపాను, కొరియా, చైనాలు తిరిగి, కుంబుమ్ విహారమున రెండేండ్లకు పైగా గ్రంథములతో గడపి, 1923 శరత్తున యున్నాన్ వైపునుండి కాలినడకను బయలుదేరెను. ముఖమునకు కోకోపొడియు బొగ్గుపొడియు పూసికొని, చీనా సిరాతో జుట్టు నల్లబఱచి, దానికి జడలబర్రె వెంట్రుకలు చేర్చి, యోంగ్‌డెన్ అను సిక్కిము యువలామాకు తల్లియైన బిచ్చగత్తె యాత్రికురాలిగా నడచినది. అన్నము కఱవైన యొకనాడు జోళ్లకు రాయు కొవ్వుముక్కను, అట్టలకై దాచిన తోలును ఉడికించి త్రాగిరి. 1904లో ఆంగ్లసైన్యము ఫిరంగులతో చొచ్చిన లాసాలోనికి, ఇరువదియేండ్ల పిమ్మట, ఏబదియైదేండ్ల యీ స్త్రీ తిరిపెపు మూటతో ప్రవేశించి, రెండునెలలు నివసించెను. ఐరోపా స్త్రీలలో లాసా చూచిన మొదటిది ఆమెయే.

వేషమును గూర్చియే లోకము ముచ్చటగా చెప్పుకొనును. గుహలో కూర్చుండి నేర్చిన భాషయే లేకున్నచో ఆ కోకోపొడి యామెను మొదటి పల్లె యైనను దాటించియుండదని నా నమ్మకము.

అయితే ఆమెను కేవలము ఏకాకినియైన వీరవనితగా పొగడువారితో నేను ఏకీభవింపను. ఆ యేండ్లలో దూరముననున్న ఫిలిప్ ధనము పంపుచునే యుండెను; ఆమె లేఖలను భద్రపఱచెను. 1937లో మరల చైనాకు పోయి, యుద్ధముచే చిక్కువడియుండగా, 1941లో నతని మరణవార్త చేరినది; తనకున్న యొక్క మిత్రుడు పోయెనని యామె వగచినది. పిదప దత్తపుత్రుడైన యోంగ్‌డెన్, బరువులు మోసి, బిచ్చమెత్తి, దారిపొడవున లామాగా జనులకు జోస్యములు చెప్పినవాడు. అతడును 1955లో, ఆమెకన్న ముందుగనే మరణించెను. ఆమె స్వేచ్ఛకు మూల్యము చెల్లించినవా రీ యిద్దఱు గూడ నని చెప్పినంతమాత్రమున ఆమె సాహసము తగ్గదు.

ఫ్రాన్సులో దిన్య అను కొండపట్టణమున తాను కొని స్థిరపడిన ఇంట, కీళ్లనొప్పులతో కఱ్ఱలూనుచు, చివరిదాక వ్రాయుచునే యుండి, నూరవయేట పాస్‌పోర్టును పునరుద్ధరింపించుకొన్నది! ఎక్కడికి పోవలెనని యడుగువారికి ఆ వయసున నేమి సమాధాన ముండునో గాని, నాకు ఆ యడుగుటయే అసంగతముగా తోచును. 1973లో ఆమె కార్యదర్శిని, యోంగ్‌డెన్ భస్మముతో కలిపి ఆమె భస్మమును కాశియొద్ద గంగలో కలిపినది.

లాసాయాత్రను గూర్చి ఆమె వ్రాసి 1927లో ప్రకటించిన గ్రంథము మీ గ్రంథాలయమున నున్నచో చదువుడు. లేనిచో తెప్పింపుమని అధికారిని తొందరపెట్టుడు. దానితోపాటు భర్తకు వ్రాసిన లేఖలను గూడ అడుగుడు. గ్రంథమున దొరకని ధనచింతయు, ఒంటినొప్పులును, విసుగును ఆ లేఖలలో కనబడును.