సంతకానికి ముందు అడగాల్సినవి
(పాలకాయతిప్ప మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



రొమ్ముల బరువుతో మెడా భుజాలూ లాగేసి, కింద చెమటకు ఒరుసుకుపోయి పుండ్లు పడే స్త్రీలు మన మధ్యా ఉన్నారు. చేపల గంప మోసేవాళ్లకు ఆ బాధ రెట్టింపు. సిగ్గుతో దాచుకుంటున్నాం. ఆ బరువు తగ్గించే ఆపరేషన్ సోకు కాదు, వైద్యం అంటాన్నేను.

ఎవరిచేత చేయించుకోవాలి? ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. లేదా డి.ఎన్.బి. చేసినవారా, ఆ డిగ్రీ మెడికల్ కౌన్సిల్‌లో నమోదైందా చూడండి. ఇలాంటివి ఎన్ని చేశారు? మచ్చలు ఎక్కడ పడతాయి? చనుమొన స్పర్శ తగ్గుతుందా? తర్వాత బిడ్డకు పాలివ్వగలనా? మొత్తం ఖర్చెంత? అన్నీ అడగండి. విసుక్కునే డాక్టరైతే మరొకరిని చూసుకోండి.

2008లో సమీరా కోహ్లి కేసులో సుప్రీంకోర్టు ఏమంది? పరీక్షకిచ్చిన అనుమతి ఆపరేషన్‌కు అనుమతి కాదంది. మత్తులో ఉన్న వయోజన స్త్రీ బదులు తల్లి ఇచ్చిన అనుమతీ చెల్లదంది. మరి మనల్ని అడక్కుండా భర్త సంతకంతో సరిపెట్టడమేమిటి?

ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బిందె, గంప ఎత్తకూడదు. జ్వరం, చీము, ఒకవైపు హఠాత్తుగా వాపు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కోడూరు, అవనిగడ్డ మీదుగా విజయవాడ వెళ్లి కట్లు మార్పించుకోవాలంటే ఛార్జీలూ, తోడు మనిషీ ముందే సిద్ధం కావాలి.

అన్ని రోజులు నీళ్లెవరు మోస్తారు, పొయ్యి ఎవరు వెలిగిస్తారు? ఇది డాక్టరును కాదు, ఇంట్లో మగవాళ్లను అడగాల్సిన ప్రశ్న. కోలుకునే విశ్రాంతి లేకపోతే వైద్యం సగమే అందినట్టు. ఆ మిగతా సగం కోసం ప్రతి ఇంటి ముందూ సంఘం నిలబడాలి.